పేరుకున్న తేనె

దోర్నాల సెంటర్లో శ్రీశైలం బస్సు మలుపు తిరిగే చోట ఉమామహేశ్వర్లు దుకాణం ఉంది. కొబ్బరికాయలు, విభూతి, నన్నారి షర్బత్ సీసాలు, చిల్లర బొమ్మలు ఎన్ని ఉన్నా, ఆ దుకాణాన్ని నిలబెట్టింది అడవి తేనె. ఊరికే అమ్మితే అది తేనె. ఉమామహేశ్వర్లు అమ్మితే తమాషా. అగ్గిపుల్ల తలను తేనెలో ముంచి, పంచె అంచుకు తుడిచి, పెట్టెకు గీసేవాడు. భగ్గున అంటుకునేది. "కల్తీ ఉంటే వెలుగుతుందా సార్?" అని ఒక్క మాట అనేవాడు. డ్రైవర్ హారన్ కొట్టేలోగా బస్సులో సగంమంది చేతుల్లో సీసాలుండేవి.

ఆ తేనె తెచ్చేవాడు లింగన్న. అడవి అంచున గూడెంలో ఉండే చెంచు మనిషి. అన్నపూర్ణ ఆ ఇంటికి కోడలిగా వచ్చిననాటికే నెత్తిన డబ్బా పెట్టుకుని వచ్చేవాడు, ఇప్పటికీ అట్లాగే వస్తున్నాడు. ఆమె జుట్టులో నెరుపు వచ్చింది, అతని మోకాళ్ళలో నొప్పి వచ్చింది, అంతకుమించి మారింది లేదు.

ఆ కార్తీకంలో మారింది. పొదిలిలో ఎరువుల దుకాణం నడిపే నిత్యానందం ఏటా ఈ మాసంలో మల్లన్న దర్శనానికి వస్తాడు. వచ్చినప్పుడల్లా తేనె కొంటాడు. ఈసారి కొనడానికి రాలేదు. నిరుడు కొన్న సీసాను సంచిలోంచి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. సీసాలో సగానికి పైగా తేనె తెల్లబారి, బొంబాయి రవ్వలాగా పేరుకుని ఉంది. ఫోను తీసి ఒక వీడియో పెట్టాడు. తెల్లకోటు తొడుక్కున్న మనిషి ఎవరో, అసలు తేనె ఎన్నేళ్ళైనా పేరుకోదనీ, పేరుకుందంటే అందులో చక్కెర పాకం ఉన్నట్టేననీ చెబుతున్నాడు. దుకాణం ముందు ఆగిన యాత్రికులందరూ మెడలు సాచి చూశారు.

ఆ వారంలోనే లింగన్న కొత్త డబ్బాతో దిగాడు. ఉమామహేశ్వర్లు నడిరోడ్డు మీదే పట్టుకున్నాడు. చక్కెర పాకం కలిపి నా మొహాన పూసినావా అన్నాడు. కలపలేదు శెట్టీ అన్నాడు లింగన్న. కలపకపోతే ఎట్ల పేరుకుందో చెప్పమన్నాడు. లింగన్నకు తేనె కోయడం తెలుసు గానీ అది ఎందుకు పేరుకుంటుందో తెలియదు. గూడెంలో తేనె అంతకాలం మిగిలితే గదా తెలియడానికి. బిడ్డల మీద ఒట్టేశాడు. ఒట్టేసిన కొద్దీ అనుమానం పెరిగింది. పక్క దుకాణాల వాళ్ళు కూడా డబ్బా మూత తియ్యనివ్వలేదు. సాయంత్రానికల్లా టీ కొట్ల దగ్గర అదే మాట: లింగన్న చక్కెర కలుపుతాడంట.

నిండు డబ్బా మోసుకుని వెనక్కి పోతున్న మనిషి వీపును అన్నపూర్ణ చూసింది. లోపలికి వచ్చి మొగుణ్ణి అడిగింది.

"ఆయన కలిపినాడని మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"పేరుకుంది గదా."

"పేరుకుంటే కలిపినట్టేనని ఎట్ల తెలుసు?"

"నిత్యానందం ఫోన్లో చూపించె."

"ఆ ఫోన్లో మనిషికి ఎట్ల తెలుసు?"

ఉమామహేశ్వర్లు చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. "మార్కాపురంలో నువ్వు చదివింది డిగ్రీనా, ప్లీడరీనా? సరే, నేనడుగుతా చెప్పు. కలపలేదని నీకు తెలుసా?"

తెలుసు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. లింగన్న మంచివాడని తెలుసు. తన బిడ్డకు చంటితనంలో దగ్గు వస్తే అడగకుండానే తేనె తెచ్చి ఇచ్చిన మనిషని తెలుసు. కానీ డబ్బాలో ఏముందో? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ తేనె చెట్టు మీద ఉండగా చూసిందా, కొండ మీద ఉండగా చూసిందా? మొగుడు వీడియోను నమ్మాడు, తాను మనిషిని నమ్మింది. తెలిసినవాళ్ళు ఇద్దరిలో ఎవరూ లేరు.

"తెలీదు" అంది. "తెలుసుకుంటా."

అత్త వెంకటసుబ్బులమ్మ వసారాలో కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఇంక అయిపోయింది. ఇది పట్టిందంటే ఉడుంపట్టు" అంది.

మర్నాడు పొద్దున్నే అన్నపూర్ణ పొయ్యి మీద గిన్నె పెట్టి, చక్కెరలో కాస్త బెల్లం వేసి, తీగపాకానికి ఒక పొంగు ఎక్కువగా పట్టింది. రంగు కుదిరింది, చిక్కదనం కుదిరింది. చల్లారాక సీసాకు పోసి మొగుడి ముందు పెట్టింది. దీన్ని ఒకసారి పరీక్ష చెయ్యండి అంది. ఆయన అలవాటు ప్రకారం పుల్ల ముంచాడు, తుడిచాడు, గీశాడు. భగ్గుమంది.

"చూసినావా, అసలు సిసలు తేనె" అన్నాడు.

"పొద్దున నేను కాచిన పాకం."

ఆయన పుల్ల వేళ్ళదాకా కాలేవరకు పట్టుకునే ఉన్నాడు. వెంకటసుబ్బులమ్మ ఒప్పుకోలేదు. అగ్గిపుల్ల పరీక్షలు నిన్నామొన్నటివి, తమ పుట్టింట్లో కుక్క పరీక్ష ఉండేదని చెప్పింది. అసలు తేనెను కుక్క ముట్టదట. సెంటర్లో తిరిగే బొల్లి కుక్కను పిలిచి, పాకాన్ని ఆకులో పోసి ముందు పెట్టారు. కుక్క వాసన చూసింది, తుమ్మింది, తోక ఊపుకుంటూ ఇడ్లీ బండి వైపు పోయింది.

"దానికి కడుపు నిండి ఉంటుంది" అంది వెంకటసుబ్బులమ్మ.

"ఇన్నేళ్ళూ దాని కడుపు సంగతి ఎవరడిగినారత్తా?"

ముసలామె నవ్వింది గానీ ఉమామహేశ్వర్లు నవ్వలేదు. ఇన్ని కార్తీకాలు, ఇన్ని శివరాత్రులు తాను జనానికి చూపించింది ఏమిటో ఆయనకు ఇప్పుడు అర్థమవుతోంది. తేనెను పరీక్షించాడు గానీ పరీక్షను పరీక్షించలేదు. అయినా వ్యాపారి గదా, ఒక మెట్టు దిగితే ఇంకో మెట్టు మీద నిలబడతాడు. అగ్గిపుల్ల పోతే పోయె, పేరుకోవడం వేరు, అది కళ్ళకు కనిపిస్తున్న రుజువు అన్నాడు.

అదీ ఆలోచించవలసిన మాటే. పాకం తేనెగా చెలామణి అవుతుందని తేలింది. అసలు తేనె పేరుకుంటుందో పేరుకోదో తేలలేదు. అది తేలాలంటే అసలు తేనె అని అనుమానం లేకుండా తెలిసిన తేనె కావాలి. అట్లాంటిది దుకాణంలో లేదు, దోర్నాలలో లేదు. తన కళ్ళ ముందు పట్టు కోసి, తన కళ్ళ ముందు పిండి, తన చేత్తో సీసాకు పోసుకున్నదే అయ్యుండాలి.

అన్నపూర్ణ ఆటో ఎక్కింది.

గూడెంలో లింగన్న భార్య గంగులమ్మ ఆమెను చూసి మొదట మొహం ముడుచుకుంది. దోర్నాలలో జరిగింది ఆమెకూ తెలుసు. అయినా గడప దాకా వచ్చిన మనిషిని కూర్చోమనకుండా ఉండలేకపోయింది. తేనె కొయ్యడం చూడాలని వచ్చానంటే లింగన్న సరేనన్నాడు. దగ్గరి చరియకే ఒక పట్టు ఉంది. మగవాళ్ళు కొయ్యడానికి పోతే తానూ వెంట పోయింది. అన్నపూర్ణ కింద నిలబడి పట్టు తెగి బుట్టలో పడటం చూసింది. గూడేనికి తిరిగి రాగానే గంగులమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పట్టు కోసిన పూట వచ్చిన చుట్టానికి ముందు తిండి పెట్టందే తేనె ఇంట్లోకి రానివ్వకూడదని వాళ్ళ ఆచారం. జొన్నరొట్టె, ఏదో అడవి ఆకుకూర. తిని చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి తేనె పిండి, వడకట్టి, సీసాకు పోసి సిద్ధంగా ఉంచారు.

తిరుగు దారిలో ఆటోలో సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్టును చూసింది. సీసాను చూస్తోంది. మధ్యలో జొన్నరొట్టె తింటున్నంతసేపు ఏం జరిగిందో చూడలేదు. ఏం జరుగుతుంది, పిండి ఉంటారు. అంతా చూసినట్టే గదా అనుకుంది. ఆ 'చూసినట్టే' దగ్గర ఆమె మనసు ముల్లు గుచ్చుకున్న కాలులాగా ఆగిపోయింది. మొగుడికీ ఫోన్లో చూసినట్టే ఉంది. బస్సు జనానికీ అగ్గిపుల్ల వెలిగితే చూసినట్టే ఉంది. ఈ సంగతి అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అడగవలసినది తానే. తానే అడిగి తానే అబద్ధం చెప్పుకుంటే ఇంత దూరం రావడం దేనికి?

ఆ సీసాను ఇంట్లో వాడకానికి పెట్టేసి, ఇంకో పట్టు తయారైందని కబురు వచ్చినప్పుడు మళ్ళీ బయల్దేరింది. ఆటో ఖర్చు గురించి ఉమామహేశ్వర్లు అన్న మాటలు రాస్తే ఈ కథ సగం అవే అవుతాయి.

ఈసారి తిండి వద్దంది, పిండేటప్పుడు పక్కనే కూర్చుంటానంది. గంగులమ్మకు రోషం వచ్చింది.

"నీ మొగుడు నడిబజార్లో దొంగన్నాడు. నువ్వు ఇంటికొచ్చి దొంగంటుండావు. ఇంత నమ్మకం లేనిదానివి ఎందుకొచ్చినావు శెట్టెమ్మా?"

"నమ్మేదానికైతే దోర్నాలలోనే కూర్చుని నమ్ముతాను గంగులమ్మా. నమ్మడానికి రాలేదు. చూడడానికొచ్చినాను."

"రెండింటికీ తేడా ఏముండాది?"

"నమ్మినానని చెబితే మా ఆయన నవ్వుతాడు. చూసినానని చెబితే నవ్వలేడు."

గంగులమ్మ బుట్ట తీసి చంకన పెట్టుకుని, రా అన్నట్టు తల ఊపింది.

ఈ చరియ ముందుదానికంటే నిటారుగా ఉంది. పైనుంచి తాడు వేసి దిగాలి. చెంచుల్లో ఆ తాడు ఎవరుబడితే వాళ్ళు పట్టరు. దిగేవాడి భార్యకు తోడబుట్టినవాడే పట్టాలి. లింగన్న తాడు పట్టేది గంగులమ్మ తమ్ముడు ఆంజనేయులు. చిక్కేమిటంటే, ఒక మేకపోతు పంపకం దగ్గర తగువు వచ్చి బావా బామ్మర్దులకు ఉగాది నుంచి మాటల్లేవు. ఆంజనేయులు పలకరింపు లేకుండా వచ్చాడు, తాడు చెట్టుకు ఒక చుట్టు తిప్పి పిడికిట పట్టుకున్నాడు. లింగన్న అతని వైపైనా చూడకుండా కొస నడుముకు కట్టుకున్నాడు.

మాటల్లేని మనిషి చేతిలో ప్రాణం పెడుతున్నావు, ఆయన వదలడని నీకెట్ల తెలుసన్నా అని అన్నపూర్ణ మెల్లిగా అడిగింది.

"వాళ్ళక్క నా ఇంట్లో ఉండాది గదమ్మా" అన్నాడు లింగన్న. "నా మీద కోపమొస్తే వచ్చె. వాళ్ళక్క బొట్టు వాడే తుడుస్తాడా? అందుకే పెద్దోళ్ళు బామ్మర్ది చేతికిచ్చినారు తాడు."

అతను దిగిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ పక్క దారిన చరియ కిందికి చేరుకున్నారు. అన్నపూర్ణ దుప్పటి కప్పుకుని తలెత్తి చూస్తూ అదే మాట నమిలింది. ఇదీ నమ్మకమే. కానీ వీడియో మీద నమ్మకంలాంటిది కాదు. ఎందుకు నమ్మాడని అడిగితే లింగన్న దగ్గర జవాబు ఉంది. కలపలేదని నీకు తెలుసా అని మొగుడు అడిగిన పూట తన దగ్గర అట్లాంటి జవాబు లేదు.

పచ్చి ఆకుల పొగ లేచింది. తేనెటీగలు నల్లటి తెర జారినట్టు చరియ మీదినుంచి జారాయి. పొడుగు వెదురుతో లింగన్న పట్టును కోశాడు, ముక్కలు బుట్టలో పడ్డాయి. పైన ఆంజనేయులు తాడు కుదుపును బట్టి వదులుతున్నాడు, బిగిస్తున్నాడు. దారి తప్పిన ఈగ ఒకటి అన్నపూర్ణ కనుబొమ మీద కుట్టింది. కింద పిండడానికి కూర్చునేసరికి ఆ కన్ను మూసుకుపోయింది. రెండో కన్నుతో చూసింది. గంగులమ్మ చేతులు కడుక్కోవడం, ఖాళీ గిన్నె బోర్లించి చూపించడం, పట్టు పిండటం, గుడ్డలో వడకట్టడం, తాను ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలోకి పోయడం. మూత తానే బిగించింది. గంగులమ్మ ఆమె వాచిన కన్ను చూసి ఎంత ఆపుకుందామన్నా ఆగక నవ్వేసింది. ఏదో ఆకు నలిపి పసరు కనుబొమకు అద్దింది.

ఇంటికి వచ్చాక సీసాను తన బీరువాలో, పట్టుచీరల వెనక పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగు ముడిలోకి పోయింది. ఉమామహేశ్వర్లు ఆమె కన్ను చూసి, తేనె సంగతి తేలినా తేలకపోయినా కొండకు పోయిన సంగతి మాత్రం తేలిందన్నాడు. ఈలోగా ఆయన మార్కాపురంనుంచి లేబుల్ వేసిన సీసాలు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. అవి అద్దంలాగా ఉన్నాయి, పేరుకునే రకంలాగా లేవు. వాటి ముందు మాత్రం అగ్గిపుల్ల గియ్యలేదు. అదొక్కటి ఆయనలో వచ్చిన మార్పు.

మార్గశిరంలో ఒకటి రెండుసార్లు బీరువా తీసి చూసింది. తేనె ఎర్రగా, పలచగా, పోసిననాటిలాగే ఉంది. ఒకవేళ పేరుకోకపోతే? అప్పుడు మొగుడి మాటే కొంత నిలబడుతుంది. లింగన్నకు ఆ చెడ్డపేరు ఉండిపోతుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడు సీసాను చలిగాలి తగిలేచోట పెడదామా అని చెయ్యి సాచింది కూడా. వెనక్కి తీసుకుంది. తనకు కావలసినట్టు జరగడానికి తాను సాయం చేస్తే అది చూడటం కాదు.

పుష్యంలో నల్లమల గాలి ఎముకలు కొరికింది. ఒక పొద్దున బీరువా తీస్తే సీసా అడుగున తెల్లగా, సన్నటి పొర. వారం తిరిగేసరికి సగం దాకా రవ్వ కట్టింది. పట్టుచీరల వెనకనుంచి ఆ సీసాను బయటికి తీసి మొగుడి ముందు పెట్టింది.

ఉమామహేశ్వర్లు సీసాను ఎండకు పెట్టి, తలకిందులు చేసి, మూత తీసి వేలితో నాకి చూశాడు. మధ్యలో ఎవరైనా ఏమైనా కలిపి ఉంటారేమో అనబోయి, తాళంచెవి ఎవరి కొంగున ఉందో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నువ్వు చూసినావా? మొత్తం?"

"మొత్తం. ఒక కన్నుతో."

"అయితే లింగన్న కలపలేదంటావు."

"ఆ మాట అనను. నిరుటి డబ్బా నేను చూళ్ళేదు. పేరుకుంది కాబట్టి దొంగ అనడానికి మీకు లేదంటుండా. అంతే."

"అంత కష్టపడి, కన్ను వాపించుకుని, ఇంతేనా?"

"ఇంతే తెలుసు. ఇంతకంటే తెలుసంటే నేనూ ఆ తెల్లకోటు మనిషే అవుతా."

శివరాత్రి దగ్గరపడింది. లేబుల్ సీసాలు కొన్నవాళ్ళు ఇది మా ఊళ్ళోనూ దొరుకుతుంది గదా, అడవి తేనె లేదా అంటున్నారు. ఉమామహేశ్వర్లు కబురు పంపాడు. లింగన్న వచ్చాడు, చేతులూపుకుంటూ వచ్చాడు. దుకాణంలోకి అడుగుపెట్టకుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. ఉమామహేశ్వర్లు బయటికి వచ్చి, పక్క దుకాణాల వాళ్ళకు వినబడేటట్టే, ఆ రోజు తొందరపడినాను లింగన్నా, తేనె తీసుకురా అన్నాడు. ఆయన స్వభావానికి అది పెద్ద మాట.

లింగన్న అన్నపూర్ణ వైపు తిరిగాడు. "నిరుటి డబ్బా సంగతి ఏమంటుండావమ్మా?"

"చూళ్ళేదన్నా. చూడంది చూసినానని చెప్పలేను."

అతని మొహం ఒక క్షణం నల్లబడింది. తర్వాత నేల వైపు చూస్తూ తల ఊపాడు. "మేలే. చూళ్ళేదని చెప్పే మనిషి చూసినానంటే అది నిలబడతాది." ఉమామహేశ్వర్లు వైపు తిరిగాడు. "తేనె తేను శెట్టీ."

"ఎందుకు తేవు? తప్పయిందంటిని గదా."

"ఈయమ్మ చెప్పిందని నువ్వు నమ్మినావు. రేపు ఇంకొకడు ఫోను తెచ్చి ఇంకోటి చూపిస్తాడు. అప్పుడు వాణ్ణి నమ్ముతావు. నేను మళ్ళీ డబ్బా మోసుకుని ఇంత రోడ్డు మీద తిరిగిపోవాల. ఒకసారి పోయినా. ఇంక పోను. నువ్వొచ్చి చూడు. చూసినాక ఎంత కావాలంటే అంత తెస్తా."

ఉమామహేశ్వర్లు కంగారుగా నవ్వాడు. ఒళ్ళు చూడు, మోకాళ్ళు చూడు, ఈగలంటే తనకు చిన్నప్పటి నుంచి భయమన్నాడు. పండగ నెత్తిమీదికి వచ్చిందన్నాడు. పెళ్ళాం మాట మీద తనకు పూర్తి నమ్మకమన్నాడు, ఆ మాట అన్నప్పుడు అన్నపూర్ణ వైపు ఆశగా చూశాడు.

"నమ్మకం గుంజకు కట్టని దూడండీ" అంది అన్నపూర్ణ. "ఎవరు పచ్చగడ్డి చూపిస్తే వాళ్ళెంట పోతాది. నా ఎంట వచ్చిందని నేను సంబరపడాల్నా? పోయి చూసి రండి."

"దుకాణం?"

"నేనుండా."

"శివరాత్రి బేరమే."

"ఉండనీయండి."

ఉమామహేశ్వర్లు తల్లి వైపు చూశాడు. వెంకటసుబ్బులమ్మ వత్తి నులుముతూ తల ఎత్తకుండానే, తలకు మఫ్లరు చుట్టుకో నాయనా అంది. ఆయన గొణుక్కుంటూ మఫ్లరు వెతుక్కున్నాడు, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. ఆటోలో లింగన్న పక్కన ఒదిగి కూర్చుని, ఆ చరియ ఎంత ఎత్తుంటుందని అడుగుతుండగా ఆటో కదిలింది.

అన్నపూర్ణ గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. శ్రీశైలం బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. గిద్దలూరు వైపునుంచి వచ్చిన బస్సులోంచి ఒక పెద్దాయన దిగి, అడవి తేనె ఉందా అమ్మా, నిరుడు ఇక్కడే కొన్నాను అన్నాడు.

"ఈపొద్దు లేదు నాయనా."

"బోర్డు మీద ఉంది గదా."

"ఉండాది. మా ఆయన చూసేదానికి పోయినాడు. ఆయన వచ్చి, చూసినానని చెప్పినాక అమ్ముతాం."

పెద్దాయన ఆమెను వింతగా చూసి, చూసేదానికి తేనెలో ఏముంటుందని అడిగాడు. బస్సు హారన్ కొట్టింది. అన్నపూర్ణ స్టూలు బయటికి తీసి, దాని మీదికెక్కి, బోర్డు మీది తేనె అనే మాటకు అడ్డంగా పాత గోనెసంచి ఒకటి కట్టి, దిగి వచ్చి కొబ్బరికాయలు ఎన్ని కావాలని అడిగింది.